కుళాయికి చెప్పిన కల

మొన్న మా చెల్లెలి కూతురు నన్ను చూసిపోదామని నందిగామ వచ్చింది. పొద్దున్నే కాఫీ తాగుతూ, రాత్రి తనకొచ్చిన కలని ఫోనుకి చెప్పింది. కాఫీ చల్లారేలోపు ఫోను అర్థం చెప్పేసింది: కలలో పెళ్లి కనిపిస్తే కొత్త జీవితం మొదలవుతుందట. పిల్ల నవ్వుకుంటూ స్నానానికి వెళ్లిపోయింది గాని, నాకు మాత్రం నవ్వు రాలేదు. ఈ పిల్ల పుట్టకముందు అలాంటి కలే నాకు నిద్ర లేకుండా చేసింది మరి.

మా అమ్మ లెక్క వేరు. కలలో చావు కనిపిస్తే ఆయుష్షు, పెళ్లి కనిపిస్తే కీడు. చెడ్డ కల మనిషికి చెబితే నిజమవుతుంది కాబట్టి పారే నీళ్లకి చెప్పి వదిలించుకోవాలి. జగ్గయ్యపేటలో మా చిన్నప్పుడు అక్కచెల్లెళ్లం పెరట్లో కుళాయి తిప్పి దాని ముందు గొణుక్కునేవాళ్లం. నీళ్లు వదలని రోజు చెడ్డ కలలన్నీ మా కడుపులోనే ఉండిపోయేవి.

తొంభైల చివర్లో నేను నందిగామలో టీచరుగా, ఒంటరిగా గది తీసుకుని ఉండేదాన్ని. నాకు పెళ్లి కుదరలేదు. చెల్లెలికి ఎప్పుడో కుదిరింది, జగ్గయ్యపేటలోనే ఇచ్చారు. అప్పటికి అమ్మ లేదు. పెళ్లయిన చాలా ఏళ్లకి చెల్లెలు కడుపుతో ఉందని తెలిసిన నెలలోనే నాకు ఆ కల మొదలైంది. చెల్లెలి పెళ్లి మళ్లీ జరుగుతోంది, సన్నాయి వినిపిస్తోంది, నేను బయటికి వచ్చేసరికి పందిరి విప్పేస్తున్నారు. కుళాయికి ఎన్నిసార్లు చెప్పుకున్నా మళ్లీ వచ్చేది. చెల్లెలికేదో అవుతుందన్న భయం పట్టుకుంది. ఎక్కడ నోరు జారతానో, ఎక్కడ నా మొహం చూసి కనిపెట్టేస్తుందోనని, బస్సెక్కితే గంట కూడా పట్టని జగ్గయ్యపేటకి వెళ్లడమే మానేశాను.

నిద్రలేక వచ్చిన నా తలనొప్పులకి మందులిచ్చి విసిగిపోయిన మా ఊరి డాక్టరు, విజయవాడలో మనసు డాక్టరమ్మ ఒకావిడ దగ్గరికి పంపించాడు. ఆ రోజుల్లో అలాంటి చోటికి వెళ్లామంటే పిచ్చి పట్టిందనుకునేవారు కాబట్టి, కళ్ల డాక్టరు దగ్గరికని స్కూల్లో చెప్పేదాన్ని. ఇన్నిసార్లు వెళ్లినా కళ్లజోడు రాలేదేమని తోటి టీచర్లు ఆరా తీసేవారు. డాక్టరమ్మేమో మందుల కంటే కలల గురించే ఎక్కువ అడిగేది. నేను ఆవూ దూడా, గుళ్లో దీపాలూ అంటూ మంచివి ఏరి ఏరి చెప్పేదాన్ని. చెడ్డ కలలే రావా అని ఒక శనివారం అడిగితే, చివరికి అమ్మ పెట్టిన నియమం బయటపెట్టాను. చదువుకున్న మనిషి, నవ్వుతుందనుకున్నాను. ఆవిడ నవ్వలేదు. లేచి వెళ్లి, గది మూలన చేతులు కడుక్కునే కుళాయి తిప్పింది.

"నాకు చెప్పొద్దు లెండి. దానికే చెప్పండి. నేనిక్కడ కూర్చుంటా."

ఆవిడకి వీపు పెట్టి నిలబడి, నీళ్లకి చెప్పాను. పెళ్లింట్లో సామాన్ల గది ఒకటుంటుంది కదా, కొబ్బరికాయలూ చీరలూ వెండి గిన్నెలూ అందులో పెట్టి, నమ్మకమైన మనిషిని కాపలా కూర్చోబెడతారు. చెల్లెలి పెళ్లిలో ఆ మనిషిని నేనే. అక్క ఉండగా చెల్లికి ముందేమిటని అడిగేవాళ్ల కంట పడకుండా ఉంటానని పెద్దవాళ్లూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. తలంబ్రాలు కూడా చూడలేదు. కలలోనూ అదే గది, అవే కొబ్బరికాయలు.

వెనకనుంచి ఆవిడ ఒక్కటే అడిగింది. "ఆ గది తలుపు గడియ ఏ వైపుందండి?"

లోపలి వైపే ఉంది. నేనే పెట్టుకున్నాను. ఆ మాటా నీళ్లకే చెప్పాను. చెల్లెలి కీడు అనుకుని ఇన్నాళ్లూ మోసిన కల నా ఒంటరితనమేనని అర్థమయ్యాక, ఆ కుళాయి నీళ్లతోనే మొహం కడుక్కుంటూ ఏడ్చాను.

ఆ సాయంత్రం బస్సు నందిగామలో ఆగినా దిగలేదు. చిల్లకల్లు మీదుగా జగ్గయ్యపేట దాకా ఇంకో టికెట్టు తీసుకున్నాను. తలుపు తీసిన చెల్లెలు, నిండు కడుపుతో గుమ్మానికి ఆనుకుని, ఇన్నాళ్లూ ఏమైపోయావని అడిగింది. అమ్మ మాట కాదని, మొట్టమొదటిసారి ఒక కలని మనిషికి చెప్పాను. చెల్లెలు నా చెయ్యి వదల్లేదు.

"తలంబ్రాలప్పుడు నీకోసం ఎంత వెతుక్కున్నానో తెలుసా అక్కా" అంది.

ఏ కీడూ జరగలేదు. నెల తిరక్కుండా ఈ పిల్ల పుట్టింది. ఆ కల మళ్లీ రాలేదు.

ఇప్పుడు ఆ డాక్టరమ్మ ఎక్కడుందో తెలియదు. చెల్లెలు మోకాళ్ల నొప్పులతో బస్సెక్కలేక ఫోన్లోనే పలకరిస్తుంది. ఆ పిల్ల ఫోను కలకి అర్థం చెప్పింది గాని, ఆ పెళ్లిలో నువ్వెక్కడున్నావని మాత్రం అడగలేదు. నేనైనా అడుగుదామనుకునేలోపు దాని బస్సుకి టైమైపోయింది. అది వెళ్లాక వీధి తలుపు దగ్గరగా వేసి, గడియ పెట్టకుండా వచ్చి కూర్చున్నాను. డాక్టరమ్మ గడియ గురించి అడిగిన రోజు నుంచీ పగలంతా గడియ తీసే ఉంచుకోవడం అలవాటు నాకు. తోసుకుని వచ్చేవాళ్లే తగ్గిపోయారు.