బర్రె చెరిపిన రాజభవనం

మా మామ ఫోటో స్టూడియోలో ఒక రాజభవనం ఉండేది. రాళ్ళతో కట్టింది కాదు, గుడ్డ మీద వేసింది. వెడల్పాటి మెట్లు, మెట్లకు రెండు పక్కలా పూలకుండీలు, పైన స్తంభాలు, దూరంగా ఒక కొలను, కొలనులో రెండు హంసలు. పుదుచ్చేరి బజారు వెనక వీధుల్లో కాపురమున్న మా తెలుగువాళ్ళలో పెళ్ళయిన ప్రతి జంటా ఆ మెట్ల ముందే నిలబడింది. మా అమ్మానాన్నలు కూడా. మిల్లులో షిఫ్టులు చేసే మా నాన్న ఆ ఫోటోలో జమీందారులా ఛాతీ విరుచుకుని ఉంటాడు. ఆ మెట్లెక్కితే ఎక్కడికి పోతామో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ వాటిని చూస్తే ఒళ్ళు మండేది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. మేం ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బడిలో నాకు తెలుగు అక్షరం నేర్పినవాళ్ళు లేరు. నలభై దాటాక పట్టుబట్టి నేర్చుకున్నాను. అందుకని ఇందులో తప్పులు కనిపిస్తే కనిపించనీయండి.

ఆ తెర వేసిన పెయింటర్ సినిమా సెట్లలో పని దొరికిందని మద్రాసు వెళ్ళిపోయాడు. అది డెబ్బైల చివర. నేను చదువు ముగించి ఇంట్లో ఉన్నాను. బొమ్మలు బాగా గీస్తుందని మామ నన్ను స్టూడియోలో పెట్టుకున్నాడు. మామ అంటే అమ్మకు తమ్ముడు. ప్రేమ ఎంతో పంతమూ అంతే. నా పని రాలిపోయిన రంగుకు అతుకు వేయడం, వెలిసిపోయిన హంసల మెడలు మళ్ళీ దిద్దడం. సొంతంగా ఒక్క గీత గీసినా మామకు తెలిసిపోయేది. "ఉండేది ఉండినట్ల ఉండనీ పాపా" అనేవాడు.

అప్పుడే అరియాంకుప్పం అవతల పశువుల దొడ్డి నడిపే ఒక పెద్దమ్మ స్టూడియోకు వచ్చింది. మనవాళ్ళే. మొగుడు పోయాక ఆ బర్రెలన్నిటినీ ఒంటిచేత్తో సాకుతున్న మనిషి. ఇన్సూరెన్స్ చేయాలంటే ఒక్కొక్క బర్రెకూ ఫోటో కావాలని బ్యాంకులో చెప్పారట.

"ఎనుముల్ని ఈడికి తోలుకొచ్చేదానికి అయ్యేదా? మీరే రండి" అంది. మళ్ళీ ఏదో గుర్తొచ్చి, "నా దొడ్డి గోడ రొంబ పాడుబడి ఉండాది. దాని ముందర నిలబెడితే బ్యాంకోళ్ళు నన్ను బికారి అనుకుంటారు. ఇదో, ఈ మేడను తీసుకొని రండి" అని రాజభవనం వైపు చెయ్యి చూపించింది.

మామ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. తన స్టూడియో ముద్ర పడే ఏ ఫోటో అయినా ఆ మెట్లతోనే బయటికి పోవాలన్నది ఆయన పట్టుదల. మనిషైనా సరే, బర్రె అయినా సరే. తెరను చాపలో చుట్టి, బస్సు పైకి ఎక్కించి, నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు.

దొడ్డి అంటే పాత ఫ్రెంచివాళ్ళ కాలం నాటి గిడ్డంగి. పైకప్పు సగం ఎప్పుడో పోయింది. మిగిలిన సగం కింద బర్రెలు, పైకప్పు లేని చోట గడ్డివాము, నీళ్ళ తొట్టి. మేం చేరీ చేరగానే మామ గోడ కొసన రెండు మేకులు కొట్టించి తెర దించాడు. నేను ఇంకా గోడను సరిగ్గా చూడనైనా చూడలేదు.

మొదటి బర్రె వచ్చింది. నల్లగా, నిగనిగలాడుతూ, ఒంటి నుంచి నీళ్ళు కారుతూ వచ్చింది. మెట్ల ముందు బుద్ధిగా నిలబడింది. మామ కెమెరాలోకి తల వంచాడు. బర్రెకు వీపు దురద పెట్టిందో ఏమో, ఒక అడుగు వెనక్కి వేసి రాజభవనానికి ఆనుకుని అటూ ఇటూ రుద్దుకోవడం మొదలుపెట్టింది. తెర మీద రంగంటే సుద్దలో జిగురు కలిపి పూసినది. తడి తగిలితే ఇక అంతే సంగతులు. మేం కొమ్ములు పట్టుకుని లాగేసరికి మెట్లు సగం బర్రె ఒంటి మీదికి ఎక్కేశాయి. హంసలు కొలనుతో సహా మాయమయ్యాయి.

"కడిగితివా దాన్ని?" అని మామ అరిచాడు.

"ఫోటో గదా! కడక్కుండా ఎట్ల నిలబెట్టేది?" అని పెద్దమ్మ కూడా అంతే గట్టిగా అరిచింది.

నాకు నవ్వాగలేదు. నోటికి పైట అడ్డం పెట్టుకుని గడ్డివాము చాటుకు వెళ్ళి కడుపు పట్టుకుని నవ్వాను. తిరిగి వచ్చేసరికి మామ తెర విప్పేసి నేల మీద పరుచుకుని దాని పక్కన కూర్చున్నాడు. అప్పుడు చూశాను, ఆ తెర వెనక ఉన్నదేమిటో.

సున్నం పొరలు పొరలుగా లేచి ఉంది. పైన తెలుపు, దాని కింద వెలిసిన పసుపు, ఇంకా కింద ఏ దొర వేయించాడో లేత నీలం, అన్నిటి కిందా ఇటుక. బర్రె వీపు ఎత్తులో గోడ పొడుగునా నల్లటి పట్టీ ఉంది. ఏళ్ళ తరబడి అన్ని బర్రెలూ రుద్దుకుని రుద్దుకుని దాన్ని రాతిలా నునుపు చేశాయి. ఆ పట్టీకి పైన వరుసగా పిడకలు, ప్రతి పిడక మీదా పెద్దమ్మ ఐదు వేళ్ళు. పూడ్చేసిన పాత ద్వారం కమాను ఆ పిడకల మధ్య నుంచి పైకి లేచింది. ఆ గోడ మీద ఉన్నవన్నీ ఎవరో ఒకరు అక్కడ బతకడం వల్ల వచ్చినవే. నాకు ఏడుపు వచ్చింది. ఇంత అందమైన దాని మీద మేం మేకులు కొట్టి ఎక్కడికీ పోని మెట్లు వేలాడదీశామే అని సిగ్గేసింది.

బర్రెల ఫోటోలు ఆ గోడ ముందే తీశాం, గత్యంతరం లేక. మర్నాడు మామ కొత్త గుడ్డ తెచ్చి నా ముందు పడేసి, "దీపావళి జనం వచ్చేలోపల మళ్ళీ అదే మేడ వెయ్యాల. ఒక్క హంస తగ్గకూడదు" అన్నాడు.

నేను ఆదివారాలు బస్సెక్కడం మొదలుపెట్టాను. ఇంట్లో స్నేహితురాలి పేరు చెప్పేదాన్ని. ఒకోసారి ఉత్తరం వైపు పిళ్ళైచావడి దాకా వెళ్ళి ఉప్పుగాలి తినేసిన గోడలు చూసేదాన్ని. ఎక్కువసార్లు మాత్రం దొడ్డికే. వయసొచ్చిన పిల్ల ఒంటరిగా బస్సుల్లో తిరుగుతోందని వీధిలో నలుగురూ నాలుగు మాటలన్నారు. అననీ అనుకున్నాను. వాళ్ళ కళ్ళు వాళ్ళవి, నా కళ్ళు నావి.

"మళ్ళా వొచ్చినావా? ఏంది ఉండాది ఆ గోడలో?" అని పెద్దమ్మ ప్రతిసారీ అడిగేది. ఊరికే కూర్చోనిచ్చేది కాదు. తొట్టి నింపమనేది, పేడ ఎత్తమనేది. నాకు అక్కడి పని తీరు చేతులతో అర్థమైంది. దూడను ముందు వదిలి, పొదుగులోకి పాలు చేపుకొచ్చాక లాగి కట్టేయడం. మధ్యాహ్నం బర్రెలు ఏటి వైపు వాటంతటవే నడిచి వెళ్ళడం. సాయంత్రం తిరిగొచ్చి తమ తమ చోట్లలో తామే నిలబడి, గోడకు ఒళ్ళు రాసుకోవడం. పిడక కొట్టడం కూడా నేర్చుకున్నాను. గోడకేసి కొట్టి, అరచేయి నొక్కి, చటుక్కున వదలాలి. నా వేళ్ళు కూడా ఆ గోడ మీదికి ఎక్కిన రోజున ఇక మెట్లు వేయనని తేల్చుకున్నాను.

అప్పటి ఫోటోలు నలుపు తెలుపు కాబట్టి తెరలు కూడా నలుపు, తెలుపు, బూడిద రంగుల్లోనే వేసేవాళ్ళం. వెలిసిన పసుపునూ లేత నీలాన్నీ బూడిదలో వేరువేరుగా చూపించాలి. ఎన్నిసార్లు తుడిచానో, ఎన్నిసార్లు మళ్ళీ పూశానో. వెనక గదిలో తలుపు దగ్గరగా వేసుకుని వేసేదాన్ని. "మెట్లు యాడిదాకా వొచ్చినాయి?" అని మామ బయటి నుంచి అడిగేవాడు. "వొస్తా ఉండాయి" అనేదాన్ని. అబద్ధమే. అందుకు అప్పుడూ బాధపడలేదు, ఇప్పుడూ పడను.

తెర వేలాడదీసిన రోజు మామ చాలాసేపు చూశాడు.

"ఏంది ఇది?"

"దొడ్డి గోడ."

"అది నాకూ తెలుసు! స్టూడియోలో పిడకలు వేసినావేమే! కొత్త పెళ్ళికొడుకును పేడ ముందర నిలబెట్టేదా?"

"ఆ మేడలో ఎవురైనా ఒక్కపూట ఉండినారా మామా? మన వీధిలో అందరిండ్లలోనూ అవే మెట్లు. ఎవురి ఫోటో చూసినా ఒకటే."

"జనం వొచ్చేది దానికోసరమే. ఇంట్లో లేనిదాని ముందర ఒక గడియ నిలబడేదానికి."

ఆ మాటలో నిజం లేకపోలేదు. అది నాకు ఇంకా కోపం తెప్పించింది. చివరికి మామ షరతు పెట్టాడు. దీపావళిలోపల ఒక్కరంటే ఒక్కరు, నేను నోరు విప్పకుండా, వాళ్ళకు వాళ్ళే ఆ గోడ ముందు నిలబడతామని అడిగితే తెర ఉంటుంది. అడగకపోతే నేనే దాని మీద సుద్ద పూసి రాజభవనం వేయాలి. వేయనంటే కుంచెలు అక్కడే పెట్టి ఇంటికి వెళ్ళిపోవాలి, మళ్ళీ స్టూడియో గడప తొక్కకూడదు. కుంచె పట్టుకునేందుకు ఊళ్ళో నాకు ఇంకో చోటు లేదని ఇద్దరికీ తెలుసు.

సరేనన్నాను. తలపొగరు అనుకోండి.

ఒక పక్క నా గోడ, ఇంకో పక్క, మేడ చెరిగిపోయాక మామ అటక మీది నుంచి దించిన పాత పూలతోట తెర. వచ్చినవాళ్ళందరూ ఒకసారి గోడ వైపు చూసి తోటలోకి నడిచేవాళ్ళు. బట్టల కొట్టు వాళ్ళ కొత్త కోడలు ముక్కు మూసుకుంది, నిజంగా వాసన వస్తున్నట్టు. మూలకుళం నుంచి పిల్లలతో వచ్చిన ఒకాయన, "ఇట్లాంటి గోడ మా ఇంట్లోనే ఉండాది. దీని ముందర నిలబడేదానికి బస్సెక్కి రావాల్నా?" అని పెద్దగా నవ్వాడు. మామ కూడా నవ్వాడు. నేను పళ్ళు బిగించుకుని పిల్లల తలలు దువ్వాను.

దీపావళి దగ్గర పడ్డాక పెద్దమ్మ వచ్చింది, తన ఫోటో తీయించుకోవడానికి. ఈమె అడగకపోతే ఇంకెవరు అడుగుతారు? లోపలికి వస్తూనే ఆగిపోయింది. "అయ్యో, నా గోడ!" అంది. దగ్గరికి వెళ్ళింది. గుడ్డ మీద పిడకకు తన వేళ్ళు ఆనించి, సరిపోయాయని మురిసిపోయింది. "ఇదో ఈడ సున్నం రాలింది మొన్నటి వానకు. అది గూడా వేసినావు!" అని నా బుగ్గ పుణికింది. మామ ముఖం చిన్నబోయింది.

"యాడ నిలబడతావమ్మా?" అన్నాడు మామ.

పెద్దమ్మ చీర కొంగు సర్దుకుని చక్కా వెళ్ళి పూలతోట ముందు నిలబడింది. "నా గోడ నాకు దినమూ ఉండేదే గదా పాపా" అంది నా వైపు చూసి, ఎంతో ప్రేమగా.

ఆ రోజు నేను అన్నం తినలేదు. ఆమె మీద కోపం కాదు. పేడ ఎత్తి ఎత్తి అలిసిన మనిషికి ఒక గడియ పూలు కావాలనిపించడం తప్పెలా అవుతుంది? అయినా నా గోడ తప్పని మాత్రం ఒప్పుకోలేకపోయాను. ఈ రెండూ ఒకేసారి నిజమవుతాయని అప్పుడు నాకు చెప్పేవాళ్ళు లేరు.

గడువు చివరి రోజు వచ్చింది. మధ్యాహ్నం జనం పలచబడ్డాక మామ సుద్ద బకెట్ తెచ్చి గోడ తెర ముందు పెట్టాడు. గెలిచానన్న సంతోషం ఆయన ముఖంలో లేదు. "పూసేయ్ పాపా. పండగ ముందర ఏడవొద్దు" అన్నాడు మెల్లగా.

నేను ఏడవడం లేదు. బకెట్ దాటుకుని వెళ్ళి తెర ముందు నిలబడ్డాను.

"ఒకరు అడిగితే చాలంటివి గదా మామా. నేను అడుగుతా ఉండా. నన్ను ఈడ నిలబెట్టి ఫోటో తియ్యి."

"నువ్వు కస్టమరా ఏమి? ఇది చెల్లదు."

"ఎందుకు చెల్లదు? ఊరినంతా నిలబెట్టినావు. ఎనుముల్ని గూడా నిలబెట్టినావు. ఇన్నాళ్ళుగా ఈడ పని చేస్తా ఉండానే, నాది ఒక్క ఫోటో ఉండాదా నీ దగ్గర?"

మామ తల తిప్పాడు. గోడల నిండా వేలాడుతున్న ఫ్రేముల వైపు చూశాడు, అక్కడెక్కడో నేను ఉండే ఉంటాననుకున్నట్టు. లేను. నాకూ తెలుసు, ఆయనకూ అప్పుడే తెలిసింది. నా చేతులకు రంగు, పావడాకు రంగు, జుట్టు రేగి ఉంది. దువ్వుకుని రమ్మని చెప్పలేదు ఆయన. బకెట్ ఎత్తి తీసుకెళ్ళి వెనక వాకిట్లో పెట్టి వచ్చాడు.

స్టూడియో దీపాలు రెండూ వెలిగించాడు. అలవాటు ప్రకారం రెండింటినీ నాకు ఎదురుగా పెట్టి, కెమెరా వెనక నల్లగుడ్డ కప్పుకుని చూశాడు. బయటికి వచ్చి ఒక దీపాన్ని పక్కకు లాగాడు. మళ్ళీ చూశాడు, మళ్ళీ లాగాడు, తెరకు తగిలేంత దగ్గరగా. నేను తిరిగి చూశాను. మళ్ళీ మళ్ళీ పూసి మందమెక్కిన సుద్ద వల్ల, లేచిన సున్నం పొర ఒక్కొక్కదాని పక్కనా నీడ పడినట్టుంది. పిడకల మీద వేళ్ళు లోతుగా కనిపించాయి. నా గోడను అంతవరకు ఎవరూ, నేను కూడా, అలా చూడలేదు. మామ బాగుందని అనలేదు. అనడు.

మళ్ళీ నల్లగుడ్డ కప్పుకుని, లోపలి నుంచే, "తల దించొద్దు" అన్నాడు.

దించే ఉద్దేశం నాకు ఎటూ లేదు.