చెయ్యి అడ్డం పెట్టి చెడగొట్టుకున్న బేరం

మొన్న పట్నంల నా పరువు నేనే తీసుకున్న. చాయ్ గ్లాసు జర కింద పెట్టి ఇనుండ్రి, నవ్వితె ముక్కులకెళ్లి వస్తది!

మా బామ్మర్ది శీను అక్కడ ఒక పెద్ద హోటల్ల సామాన్లు కొనే పని చేస్తడు గద. ఆ హోటల్ ఓనరు, వంట మాస్టరు ఒక్కడే. స్పెయిన్ దేశపాయన. ఇరవై దేశాలు తిరిగి వండి, ఇప్పుడు మన మీద పడ్డడు. మా కొల్లాపూర్ తోట మామిడిపండ్లు శీను ఇస్తె తిని మురిసిండంట. "ఆ రైతును భోజనానికి పిలువు, మాట్లాడాలె" అన్నడంట. సీజన్ పండ్లన్నీ ఆయనే కొంటె, దళారి కాళ్లు మొక్కే బాధ తప్పుతది. ఇస్త్రీ అంగీ తొడుక్కోని పొద్దుగాలే బస్సెక్కిన.

కూసోంగనే చాటంత ప్లేటు తెచ్చిండ్రు. అండ్ల బొటనవేలంత చేప ముక్క, మీద సబ్బు నురగ లెక్క ఏందో. నురగ పక్కకు గీకి ముక్క తిన్న. ఖరీదంతా ఆ నురగకేనంట! తర్వాత చిన్న గ్లాసుల చల్లటి టమాటా రసం, మందు పోసినట్టు. గంటసేపు గిదే కథ. ఆకలికి కండ్లు తిరుగుతున్నయి.

అప్పుడు ఆ సారే స్వయంగ వెడల్పాటి మూకుడు మోసుకోని వచ్చిండు. పసుపుపచ్చటి అన్నం, రొయ్యలు, అడుగున మాడు. అబ్బ, ఏం వాసన! రెండు చెంచాలు వేసి "మోర్?" అన్నడు. నా చెయ్యి దానంతట అదే ప్లేటుకు అడ్డం పోయింది. "నో నో సార్!"

మనింట్ల చుట్టం చెయ్యి అడ్డం పెడితె ఏం జేస్తం? చెయ్యి పక్కకు నూకి ఇంకో గంటెడు ఎక్కువేస్తం. నూకుతడేమోనని చూస్తున్న. ఆయన మర్యాదగ తల వంచి, మూకుడు పక్క టేబులుకు పట్టుకపోయిండు!

ఆఖరికి వచ్చి ఎదురుంగ కూసున్నడు. వచ్చీరాని హిందీల, "పూరా సీజన్ ఆమ్, ముఝే?" అన్నడు, సీజన్ పండ్లన్నీ తనకే ఇస్తవా అని. లోపల ఎగిరి గంతేసిన. నోరేమో, "అయ్యో నో నో, మీకెందుకు సార్ తిప్పలు" అన్నది. ఒక్క మాటకే ఒప్పుకుంటె ఆశపోతోడనుకుంటరు గద! ఇంకోసారి అడగనీ అని చూస్తున్న.

"ఓకే, నో ప్రాబ్లమ్" అని చెయ్యి కలిపి లేచిపోయిండు.

శీను ఉరికొచ్చిండు. "బావా, పండ్లు ఇయ్యనన్నవంట! సారు ఇంకో తోటాయనకు ఫోన్ చేసిండు, బేరం అయిపోయింది!"

"మొహమాటానికి అన్నరా!"

"ఆయన తిరిగిన ఇరవై దేశాలల్ల మొహమాటం ఏడా లేదంట బావా."

ఏడుపొక్కటే తక్కువ నాకు. నా మొఖం చూసి శీనుకు జాలేసింది. "ఆ రొయ్యల అన్నం మిగిలింది, కట్టియ్యాల్నా?" అన్నడు.

"వద్దులేరా" అన్న.

"సరే బావా" అని వాడూ పోయిండు.