విషయసూచికలో అట్టడుగున...

మా చిన్నప్పుడు... పెడన గ్రంథాలయానికి వారపత్రిక రాగానే అందరూ సీరియల్ కోసం ఎగబడేవాళ్ళు. నేను మాత్రం విషయసూచిక దగ్గరే ఆగిపోయేదాన్ని. ఆగి, మండిపడేదాన్ని!

పైన లావు అక్షరాల్లో సీరియల్, పక్కన రచయిత ఫొటో... అక్కణ్ణించి చుక్కలు చుక్కలుగా వెళ్తే పేజీ నంబరు. అట్టడుగున ఒక గీత. గీత కింద "ఇంకా..." అని, ఆవగింజలంత అక్షరాల్లో కవితలు.

అప్పటికే సమానత్వం మీద కరపత్రాలు దొరికినవన్నీ చదివేసి ఉన్నాను. అక్షరాల్లో కూడా పెద్దా చిన్నా ఏమిటని ఒళ్ళు మండేది.

అందుకే పదో తరగతిలో నేనూ, నా స్నేహితురాలు నాగమణీ కలిసి ఒక రాతపత్రిక తయారుచేశాం. నాగమణి వాళ్ళమ్మ కలంకారీ బల్ల దగ్గర గుడ్డల మీద అచ్చులు వేసేది. రంగుకి నల్లబడ్డ ఆవిడ అరచేతుల గురించి నాగమణి ఒక కవిత రాసింది. పరీక్షలయ్యాక తనూ ఆ బల్ల దగ్గరికే వెళ్ళాలి... ఈలోగా తన పేరు గ్రంథాలయం బల్ల మీద నలుగురూ చూడాలని దాని కోరిక. నేను దాని కవితనే మొదట పెట్టాను.

లైబ్రేరియన్ గారు చూసి పెదవి విరిచారు. "ముందు ప్రెసిడెంటు గారి సందేశం పెట్టండమ్మా. మీ పైత్యం తర్వాత. లేదంటే ఇక్కడ పెట్టనివ్వను."

సందేశం పైకెక్కింది. కవిత "ఇంకా..." కిందకి జారింది.

"చింపి పారేద్దాం" అన్నాను.

"నీ కోపం ఇంటికెళ్ళి చూపించుకోవే తల్లీ! కిందుంటే ఏం, నా పేరు బల్ల మీద ఉండాలి" అంది నాగమణి.

ఆ సాయంత్రం ఒక తెల్ల కాగితాన్ని కరక్కాయ నీళ్ళలో, గేదె పాలలో ముంచి ఆరేసింది... గుడ్డకి చేసినట్టే! అలా చేయకపోతే అచ్చు నలుపు తేలదట. ఆరాక దాని మీద విషయసూచిక మళ్ళీ రాశాం. ఆనక "ఇంకా..." చుట్టూ చీర అంచుకి వేసే తీగ అచ్చు వేసింది. నిగనిగలాడే నలుపు!

"అడుగున పెళ్ళిపందిరి వేశారేంటర్రా!" అని లైబ్రేరియన్ గారు నవ్వేశారు గానీ, బల్ల మీద పెట్టనిచ్చారు.

మర్నాడు ఇద్దరం కిటికీలోంచి చూశాం. పేపర్ చదవడానికొచ్చిన ఒక తాతగారు సందేశం వైపు చూడనే లేదు. తీగ మీద వేలు పెట్టి, చుక్కల వెంట జరిపి, నేరుగా కవిత పేజీ తీశారు. నాగమణి నా చెయ్యి గిల్లింది... ఎంత గట్టిగానో!

వారం తిరక్కుండానే పాల వాసనకి చీమలు పట్టి, ఆ పేజీని అడుగు నుంచి కొరుక్కుతిన్నాయి. వేసవిలో నాగమణి కలంకారీ బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

నా కోపమూ అలాగే ఉంది... కాకపోతే అలిసిపోయింది. ఇప్పుడు చదివేదంతా ఫోనులోనే, దానికి విషయసూచికే లేదు. అది ఏది చూపిస్తే అది చదువుతున్నాం. మొన్న నాగమణి కొత్త కవిత అందులో పెడితే, నాకే కనపడలేదు. తనే ఫోన్ చేసి చెప్పింది.

మీ పేరు ఎప్పుడైనా ఏ పత్రికలోనైనా ఆవగింజంత అక్షరాల్లో పడిందా? చెప్పండి... అప్పట్లో అట్టడుగున ఉండటానికైనా ఒక పేజీ ఉండేది.