ఎదుటి గట్టు మనిషి

మా లాకు మేస్త్రీ గారు పోయిన కబురు నాకు నడిచి వచ్చింది. కాలువలో నీళ్లుండే రోజులైతే పడవవాళ్లు ఒక్క పూటలో చేరవేసేవారు. వేసవి మరమ్మతులకు కాలువ కట్టేశారు కనుక ఒక మనిషి ఎండలో గట్టు పట్టుకుని, దారిలో మావాళ్లందరికీ చెప్పుకుంటూ నా లాకు చేరేసరికి అక్కడ దహనం కూడా అయిపోయింది. మంచినీళ్లిచ్చి, ఏం జబ్బని అడిగాను.

"జొరమేనండి. మంచం పట్టి ఎన్నాళ్లో లేరు" అన్నాడు.

పోవడానికి కూడా ఆయన పడవలకు అడ్డం రాని రోజులే చూసుకున్నారు.

మీలో ధవళేశ్వరం నుంచి కాకినాడకు పడవెక్కినవారు ఆయన్ను చూసే ఉంటారు. గుర్తుండకపోవచ్చు. నీటిమట్టం మార్చడానికి లాకులో పడవ ఆపగానే మీరు అటుకుల మూట విప్పుకుంటారు, పని మాది. లాకు తలుపుకు రెండు రెక్కలు. చెరో గట్టు మీదా చెరో పెద్ద దూలం ఉంటుంది. దాన్ని తోస్తే రెక్క కదులుతుంది. రెండు రెక్కలూ ఒక్కసారే వచ్చి కలవాలి, లేకపోతే సరిగ్గా ఆనవు, సందులోంచి నీళ్లు కారిపోతాయి. అందుకే తక్కిన లాకుల మీద మేస్త్రీలు గొంతు చించుకుంటారు. ఈయన కేక వేయగా నేను వినలేదు. భుజం మీది తువ్వాలు తీసి, ఒక్కసారి గట్టిగా దులిపి, తలకు చుట్టి దూలానికి ఆనేవారు. ఎదుటి గట్టు మీద ఉన్న మేము అది చూసి తోసేవాళ్లం.

"నీ దూలం కేసి చూడకు. ఎదుటి గట్టు మనిషిని చూడు. నీ దూలం అదే కదులుద్ది" అనేవారు.

మేం నలుగురం ఆయన దగ్గర లస్కర్లుగా, అంటే తలుపులు తోసే పనివాళ్లుగా, చేరి పని నేర్చుకున్నవాళ్లం. మాలో ఒకడు తాడిచెట్టంత పొడుగు. ఒకసారి ఓవర్సీరు గారి పడవ లాకులో ఉండగా, నీళ్లు వదిలే హ్యాండిల్ ఆ పొడుగాయన చేతిలోంచి జారి కాలువలో పడింది.

"ఎవడ్రా అది?" అని ఓవర్సీరు గారు పడవలో లేచి నిలబడ్డారు.

"నా లాకేనండి. తప్పు నాదేనండి" అన్నారు మేస్త్రీ గారు.

అవతలి గట్టు హ్యాండిల్ తెప్పించి పడవను దాటించారు. ఇక మాకు అక్షింతలు ఖాయమనుకున్నాం. తరువాతి పడవ రాగానే ఆ హ్యాండిల్ మళ్లీ పొడుగాయన చేతిలోనే పెట్టారు. అతను వద్దండీ వద్దండీ అని వెనక్కి జరిగాడు.

"బయపడిన చేతికి పని తప్పించకూడదురా. తప్పిత్తే బయమొక్కటే మిగులుద్ది" అన్నారు. అంతే, ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు.

కొత్త లాకుకు మేస్త్రీ కావలసినప్పుడల్లా ఓవర్సీరు గారు ఈయన్నే అడిగేవారు. పనికిరానివాణ్ణి సాగనంపి, మంచివాణ్ణి అట్టేపెట్టుకోవడం లోకంలో ఉన్నదే. ఈయనకది చేతకాదు. చేతికి అందివచ్చినవాణ్ణే పంపేవారు. ఆయన భార్యను మేం పిన్నిగారనేవాళ్లం. "నీళ్లు మనం పోత్తాం, పాదు పక్కింటి పందిరెక్కుద్ది" అని ఆవిడ సాధించేవారు. "ఎక్కడ కాత్తే ఏంటే, కాయే కదా" అనేవారు ఆయన.

ఆఖరున నా వంతు వచ్చింది. అప్పటికే దూరాన పడవ కనబడితే, "అది దాన్యం పడవేనంటావా?" అని నన్నడిగేవారు. ఆయన చూపు మీద నాకు అనుమానం వేసి, నేను వెళ్లనండి, మీకు తోడుంటానన్నాను.

"నాకు తోడుండడానికి నీకు జీతమిత్తన్నారా? పోయి నీ లాకు చూసుకో" అన్నారు. వెళ్లాను.

మొదట్లో, కాలువ కట్టేసిన రోజుల్లో, నలుగురం వీలు చూసుకుని ఆయన లాకుకు వెళ్లేవాళ్లం. తలుపులకు పట్టిన నాచు గీకి, తారు పూసి, పిన్నిగారు వండిన పనసపొట్టు కూరా కొత్తావకాయా తిని వచ్చేవాళ్లం. కొబ్బరి పీచుతో మాకు నాలుగు కుంచెలు ఆయనే కట్టి ఉంచేవారు. రానురాను ఎవరి లాకు తారు వారిదే అయింది. మనుషులు దొరకరు, పని తెమలదు. వచ్చే ఏడు తప్పకుండా వస్తామని కబురు పెట్టేవాళ్లం. ఆ కబురు నేనే ఎన్ని పడవల మీద ఎక్కించానో.

పెద్దకర్మ నాడు నలుగురం కలిశాం. భోజనాలయ్యాక పిన్నిగారు నాలుగు కుంచెలు తెచ్చి అరుగు మీద పెట్టారు.

"ఈ ఏడూ కట్టారు బాబూ. ఇంకేం వత్తారండీ అంటే, వత్తే కుంచెల్లేవనుకుంటారు కదే అన్నారు. పోయినేడువి పొయ్యిలో పెట్టేశాను."

కుంచెలు తీసుకుని లాకు మీదికి వెళ్లాం. ఏడాదిగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కొత్త లస్కరు మాతో వచ్చాడు. తలుపులకు ఒకవైపు తారు పూసి ఉంది. రెండోవైపు పూయాలంటే రెక్కలు మూయాలి.

"చివర్లో మేస్త్రీ గారికి ఎదుటి గట్టు కంటికి ఆనేది కాదండి" అన్నాడు అతను, నా పక్కన నడుస్తూ. "నేను తువ్వాలు దులిపితే, ఆ చప్పుడుకి తోసేవోరు. మీకు మాత్రం చెప్పొద్దన్నారండి."

"ఎందుకు?"

"తెలిత్తే లాకులొదిలేసి వచ్చేత్తారన్నారండి."

ఒక్క పూట తారు పూయడానికి రానివాళ్లం మేము. కళ్లు పోయాయని తెలిస్తే పరుగెత్తుకొస్తామని ఆయన నమ్మారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పొడుగాయనా, కొత్త లస్కరూ అవతలి గట్టుకు వెళ్లారు. నేను ఇవతల, మేస్త్రీ గారు నిలబడే చోట, దూలానికి ఆనుకున్నాను. మా లాకుల మీద రోజూ తువ్వాలు దులిపేది మేమే. ఇక్కడ మాత్రం పొడుగాయన నన్ను చూస్తున్నాడు, నేను అతన్ని చూస్తున్నాను. ఎవరి చెయ్యీ లేవలేదు.

కొంతసేపు చూసి, కొత్త లస్కరు భుజం మీది తువ్వాలు తీసి ఒక్కసారి గట్టిగా దులిపాడు. ఎండిన కాలువలో ఆ చప్పుడు నా దాకా వచ్చింది. నేను కళ్లు మూసుకుని తోశాను.