గోరు దిగని కాయ కోసం

ఆయన వాచీలు బాగుచేస్తాడు. ముప్పై ఏళ్లుగా అదే పని, మెట్ల కింద అదే ఇరుకు గది. ఎవరు వాచీ తెచ్చినా "ఒక్క నిమిషం" అంటూ వెనక మూత తీస్తాడు కాబట్టి వీధి ఆయనకు నిమిషం అని పేరు పెట్టింది. ఆ నిమిషం ఏనాడూ అరగంటకు తక్కువ ఉండేది కాదు. పనివాడిగా గొప్పవాడని చెప్పలేం, ఓపికస్తుడు, అంతే. ఆగిపోయిన వస్తువులో ఆగడానికి కారణం ఉంటుందనీ, మూత తీస్తే అది కనబడుతుందనీ, దాన్ని తొలగిస్తే వస్తువు మళ్లీ నడుస్తుందనీ ఆయన నమ్మకం. ఇంతకంటే బలహీనమైన నమ్మకాలతో నిండు జీవితాలు గడిచిపోతుంటాయి.

పెరడు మాత్రం ఆయనది కాదు, అక్కది. తల్లి పోయాక ఆయన్ను పెంచింది ఆవిడే. తమ్ముడి ఇంట్లోనే ఉంటూ పాతికేళ్లు ఆ పెరడు ఏలింది. అక్కడ ఏటా ఒక గుమ్మడి పాదు ఉండేది: బూడిదరంగు తొక్క, లోతైన చారలు, కోసి అటక మీద పెడితే ఆరు నెలలైనా చెడని కాయ. అడిగిన ప్రతి ఇంటికీ కాయలు పంపింది. తిన్నవాళ్లు బాగుందన్నారు కానీ గింజ దాచుకున్నవాళ్లు లేరు. బజారులో ఆ రకం ఎప్పుడూ లేదు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఆవిడ కుడిచేయి పడిపోయింది. పాదు పెట్టేవాళ్లు లేకపోయారు. ఈలోగా విత్తనాల సీసా మూత వదులైతే ఎలుకలు పనికానిచ్చాయి. ఏడు గింజలు మిగిలాయి.

"ఇవి పోతే ఇక పోయినట్టే," అంది అక్క, కిటికీ పక్క మంచం మీద నుంచి. "నీ చేతిలో పెడుతున్నాను చూడు, అదీ నా గతి."

"నా చేతికేమైంది అక్కా? వెంట్రుకంత స్ప్రింగులు బిగించే చెయ్యి."

"అందుకే భయం."

ఆవిడ చెప్పినట్టే గింజల అంచు కాస్త గీసి, నానబెట్టి, ఏడు కాగితం కప్పుల్లో మట్టి నింపి, వేలి కణుపు లోతున పాతాడు. వారం ఆగమంది. నాలుగో రోజుకే ఆయనకు కాలు నిలవలేదు. కంటికి భూతద్దం బిగించుకుని, పట్టకారుతో ఒక కప్పులో మట్టి తొలగించి, గింజ మొలిచిందో లేదో చూసి మళ్లీ కప్పాడు. మర్నాడు ఇంకోటి. దారప్పోగులాంటి తెల్లటి వేరు కనబడి ప్రాణం లేచొచ్చింది. దాన్ని వెలుగులోకి తిప్పి చూశాడు కూడా. పదిరోజులకు నాలుగు కప్పుల్లో మొలకలు విరిగి, కుళ్లి ఉన్నాయి. రెండు గింజలు అసలే లొట్టలు.

భార్య కప్పులు పట్టుకొచ్చి వదినగారికి చూపించింది. అక్క చాలాసేపు చూసింది.

"బతికుందో లేదో చూసి చూసి చంపావు కదరా," అంది. గొంతులో కోపం లేదు. ఉంటే ఆయనకు తేలికగా ఉండేది.

ఏడో కప్పు ఆవిడ కిటికీ గట్టు మీదే ఉంది, చేయి పెట్టనివ్వలేదు. అది మొలిచింది.

పెరట్లో గొయ్యి తీసి ఎరువు వేసి నాటారు. తీగ గోడదాకా పాకింది. నెలపాటు అన్నీ మగపూలే. ఆడపూలు వచ్చాక తెల్లవారగానే మగపువ్వు రేకులు ఒలిచి ఆడపువ్వుకు తాకించడం, పొరుగింటి వేరే రకం గుమ్మడి మీద తిరిగిన తేనెటీగలు దూరి గింజ రకం మారిపోకుండా పువ్వు మూతిని దారంతో కట్టడం ఆయన పని. రెండు పిందెలు పసుపెక్కి రాలాయి. మూడోది నిలిచింది.

"ఇంకెన్నాళ్లు అక్కా?"

"గోరు దిగకూడదు. తొడిమ ఎండి బెండులా కావాలి. అంతదాకా ఉంటేనే గింజలో పప్పు. రెండు నెలలనుకో. రోజూ గోరు గుచ్చి చూడకు మళ్లీ."

"చూడను."

"కిటికీలోంచి కనబడతావు, గుర్తుంచుకో."

నెల దాటాక ఒక మధ్యాహ్నం ఆకులు వాలాయి. సాయంత్రానికి లేచాయి. మర్నాడు లేవలేదు. ఆ రోజు ఆయన దుకాణం తెరవలేదు. తీగ మొదట్లో చూడమంది అక్క. కాండానికి చిన్న బెజ్జం, దాని పక్కన రంపపు పొట్టు లాంటిది.

"పురుగు లోపలికి దూరింది. నిలువునా చీరి తియ్యాలి. నీ పనే అది."

నిజమే, అది ఆయన పనే. భూతద్దం బిగించి, బ్లేడుతో కాండాన్ని నారవెంట చీరి, తెల్లటి లావుపాటి పురుగును పట్టకారుతో లాగాడు. జానెడు పైన ఇంకోటి దొరికింది. చీలిక మూసి, గుడ్డపీలిక చుట్టి, పైన తడిమట్టి కప్పాడు. ఆయన చేసిన పనులన్నిటిలో బహుశా అదే లోపం లేనిది. కారణం దొరికింది, తొలగింది. ఆయన లెక్క ప్రకారం తీగ నడవాలి.

నడవలేదు. ఐదు రోజులు పాదు పక్కన కూర్చున్నాడు. నీళ్లు పోశాడు, పాత దుప్పటి కట్టి నీడ పట్టాడు, కిటికీ వైపు చూశాడు. అక్క దగ్గర కూడా చెప్పడానికేమీ మిగల్లేదు. కారణం తెలిసినంత మాత్రాన ఫలితం మన చేతికి రాదన్న ముక్క పెద్ద పెద్ద గ్రంథాల్లో ఉంటుంది. ఆయనకు అది ఎండుతున్న ఆకుల మీద ఒక్కొక్కటిగా కనిపించింది. తీగ గడ్డితాడులా అయింది. కాయ మిగిలింది, తొడిమ ఇంకా పచ్చగా.

తొడిమ పొడుగ్గా ఉంచి కొయ్యమంది అక్క. లోపలి గింజ కాయలోనే ఇంకాస్త ముదరవచ్చునంది. వచ్చునని మాత్రమే అంది. మూడు వారాలు మంచం పక్కన పెట్టుకుంది. అడుగున మెత్తబడి తడి ఊరుతుంటే ఇక కాయను రెండుగా కొయ్యక తప్పలేదు.

గింజలు కడిగి నీడలో ఆరబెట్టారు. ఎండిన కొద్దీ అవి చేపపొలుసుల్లా పలచబడ్డాయి. వారం తర్వాత ఆయన వాటిని బేసిన్‌లో నీళ్లుపోసి వదిలాడు. పప్పున్న గింజ మునగాలి. అన్నీ తేలాయి. చేత్తో కలిపాడు. మునిగినవి కూడా తిరిగి పైకి వచ్చాయి. ఒక్కొక్కటీ వేళ్లమధ్య నొక్కితే పొట్టుకు పొట్టు తగిలింది.

"కింద ఒక్కటన్నా నిలిచిందా?" అడిగింది అక్క.

బేసిన్‌కీ మంచానికీ మధ్య ఆయన వీపు అడ్డంగా ఉంది. కావాలంటే అబద్ధం చెప్పవచ్చు. కొన్ని నెలలు అది చెల్లుతుంది కూడా.

"లేదక్కా."

ఆవిడ పెరటివైపు చూసింది. దుప్పటి కట్టిన కర్రలు ఇంకా తీయలేదు.

"సరే," అంది. "ఆ నీళ్లు ఊరికే పారబొయ్యకు. నిమ్మ మొదట్లో పొయ్యి."

ఆయన బేసిన్ ఎత్తుకుని పెరట్లోకి వెళ్లాడు.