ఖాదర్ కొట్టూ, రసూల్ బీ సూదులూ

కురుపాం మార్కెట్ వెనక సందులో ఉంది ఖాదర్ మాస్టరు కుట్టుకొట్టు. ఆ కొట్లో కుట్టిన ప్యాంటు వేసుకుని ఒక గ్రీకు ఓడ కెప్టెన్ హార్బర్‌లో పడిపోతే, మనిషి నిలువునా తడిశాడట గానీ జేబులో అగ్గిపెట్టె మాత్రం తడవలేదట. ఎవరు చూశారంటే ఖాదరే చూశాడు. ఆయన చూసినవి చాలా ఉన్నాయి. ఒక తుఫానులో డాల్ఫిన్ నోస్ కొండ రెండు గజాలు ముందుకి జరగడం చూశాడు. మర్నాడు ఎవరో పెద్దమనుషులు ఆయన మెళ్ళో టేపే అడిగి తీసుకుని కొలిచి, ఎవరికీ చెప్పొద్దని బతిమాలారట. అందుకే రోజుకి ఒక్కరికి మించి చెప్పడు.

వయసు అరవై ఎనిమిది. ఏడో తరగతి దాకా సిస్టర్లు నడిపే కాన్వెంటులో చదివాడు. ఐదు పూటలా నమాజు చేసే మనిషి, ఇస్త్రీపెట్టె తోస్తూ క్రిస్మస్ పాట కూనిరాగం తీస్తాడు. మే నెల అయినా సరే.

కొట్టు ముందు ఒక బల్ల ఉంది. రోజూ పదిన్నరకి మైఖేల్ వచ్చి ఆ బల్ల మీద కూర్చుంటాడు. స్టీలు ప్లాంటులో ముప్పై రెండేళ్ళు చేసి రిటైరయ్యాడు. యూనియన్ మనిషి. టీ గ్లాసు చేతికి రాగానే ఇద్దరికీ వాదన మొదలు.

"సూడు బావా, ఎవుడి కష్టం ఆడిది," అనేవాడు ఖాదర్. "పది కుట్టినోడికీ ఆరు కుట్టినోడికీ ఒకటే కూడు పెడితే, పదోడు రేపు ఆరే కుడతాడు. ఎల్లుండి నాలుగు. మీ సోషలిజం అలాగే కదా కునుకు తీసింది?"

"కునుకా? నాను ఫర్నేసు పక్కన నిలబడ్డాను బావా. పక్కోడు కళ్ళు తిరిగి పడబోతే పట్టుకున్నాను. ఆడు నాకంటే తక్కువ పని సేసాడని ఒగ్గేసానేటి? నీ పెట్టుబడిదారుడు ఒగ్గేత్తాడు. ఆడికి లెక్క కావాలి, మనిషి అక్కర్లేదు."

"లెక్క లేపోతే మనిషి నిద్దరోతాడు."

"నిద్దరోయినా మనిషే కదేటి?"

ఈ వాదనలో తమాషా ఏమిటంటే, ఎవరి మాటకీ వాళ్ళ చేతకీ పొంతన లేదు. సోషలిస్టు మైఖేల్‌కి గాజువాకలో అద్దెకిచ్చిన షాపులు రెండున్నాయి. ఏప్రిల్ వచ్చిందంటే అద్దె పెంచడం ఆయన మరిచిపోడు. వ్యక్తి కష్టం, వ్యక్తి లాభం అని గొంతు చించుకునే ఖాదర్ కొట్లో మాత్రం నలుగురూ సమానం. శనివారం సాయంత్రం బిస్కట్ల డబ్బా మూత తీసి, అద్దె, కరెంటు, దారాల ఖర్చు పక్కన పెట్టి, మిగిలింది నాలుగు సమాన భాగాలు చేస్తాడు. తన భాగమూ అంతే. "ఇదేటి బావా, ఇది సోషలిజం కాదా?" అని మైఖేల్ అడిగితే, "కాదు. మా నాన్న అలవాటు," అనేసి మాట మార్చేవాడు.

ఆ నలుగురిలో ఖాదర్ గుడ్డ కోస్తాడు. కత్తెర ఇంకెవరూ ముట్టుకోకూడదు. మిషన్ల మీద ఇద్దరు. జమీర్‌కి ఇరవై ఆరేళ్ళు, వాడి కాలు మిషను తొక్కుతుంటే సందులో కుక్కలు కూడా పక్కకి తప్పుకుంటాయి. అర్జునరావు నెమ్మది, కానీ ఆయన కుట్టు గీత గీసినట్టుంటుంది. నాలుగో మనిషి రసూల్ బీ. ఖాదర్‌కి ఆపా, అంటే అక్క వరస, పిల్లలకి నానీ, అంటే అమ్మమ్మ వరస. డెబ్బై రెండేళ్ళు. వెనక గదిలో, తెర చాటున చాప మీద కూర్చుని కాజాలు కుడుతుంది. ఒక్కోసారి మూట కట్టుకుని ఇంటికి పట్టుకెళ్ళి కుట్టుకొస్తుంది. దారం ఎక్కించిన సూది చేతికిస్తే చాలు, వేళ్ళే చూసుకుంటాయి. ఆమె రోజుకి చేసే పని జమీర్ పనిలో మూడో వంతు ఉంటుందేమో. భాగం మాత్రం సమానం.

ఆ సంగతే ఒక శనివారం జమీర్ నోటంట వచ్చింది. ఖాదర్ వాడికి చాచా, అంటే బాబాయి వరస.

"సాచా, నాను ఎల్లిపోతాను. అచ్యుతాపురం పక్క బట్టల కంపెనీ ఒకటుంది. ఎంత కుడితే అంత ఇత్తారంట. ఇక్కడ నాను పది కుట్టినా అదే, ఆరు కుట్టినా అదే."

ఏడాది పొడుగునా బల్ల మీద తను చెప్పిన మాటే తన కొట్లోంచి తిరిగొచ్చేసరికి ఖాదర్ గీస్తున్న సుద్దగీత వంకర పోయింది. జమీర్ పోతే కొట్టు సగం పడిపోతుంది. కుట్టినదాన్ని బట్టి డబ్బిచ్చే పీసు రేటు పెడితే రసూల్ బీకి సగం కూడా మిగలదు. నలభై ఏళ్ళుగా ఆ చాప మీద కూర్చున్న మనిషి ఆమె. ఎవరూ లేరు. ఆదివారమంతా ఖాదర్ అన్నం సరిగా తినలేదు. కథ ఒక్కటీ చెప్పలేదు. ఇంట్లో వాళ్ళు జ్వరమేమో అనుకున్నారు.

సోమవారం మైఖేల్ టీ గ్లాసు అందుకునే వేళకి ఆయన కూతురు ఎవాంజలిన్ వచ్చింది. వాళ్ళ చర్చిలో పాటల బృందం ఆమె చేతి కింద ఉంది. వచ్చే ఆదివారం చర్చి వార్షికోత్సవం. ముప్పై గౌన్లు కావాలి. మెరూన్ రంగు గౌను, తెల్ల శాటిన్ కాలరు, కాలరుకి రెండు కాజాలు.

"కాజా మిషను కింద పెడితే శాటిన్ పీచు లేచిపోద్ది అంకుల్. రసూల్ బీ నానీ చేత్తోనే కుట్టాలి. శనివారం కల్లా అయిపోవాలి," అంది.

ఆమె వెళ్ళగానే మైఖేల్ బల్ల మీంచి ముందుకి వంగాడు. గొంతు తగ్గించాడు. "బావా, ఈ ఒక్క ఆర్డరుకీ పీసు రేటు పెట్టరాదేటి?"

ఖాదర్ కత్తెర ఆగిపోయింది. "ఏటి? ఎవులన్నారు ఆ మాట?"

"సర్చి పని బావా. తొందరగా అవ్వాలి. సిద్ధాంతం సంగతి కాదిది."

"సరే. సిద్ధాంతం వచ్చే సోమవారానికి వాయిదా," అన్నాడు ఖాదర్. అప్పటికప్పుడు ఒక అట్ట ముక్క మీద రేట్లు రాసి గోడకి తగిలించాడు. గౌనుకి ఇంత, కాజాకి ఇంత. రసూల్ బీ నష్టపోకూడదని కాజాకి ఎక్కువే రాశాడు. తన తెలివికి తనే మురిసిపోయాడు. శనివారానికి ఈ పద్ధతి నెగ్గితే ఇకమీదట ఇదే పద్ధతి అని అందరికీ చెప్పాడు. జమీర్ ఈల వేశాడు. అర్జునరావు కళ్ళజోడు తుడుచుకున్నాడు. రసూల్ బీ అట్ట వైపు చూసి, తెర వెనక్కి వెళ్ళిపోయింది.

ఆ వారం కొట్టు చూడాలి! జమీర్ ఏడింటికే వచ్చి మిషను ఎక్కేవాడు. టీ కూడా ఎడమ చేత్తోనే. అర్జునరావు కూడా జన్మలో మొదటిసారి చెమటోడ్చాడు. కుట్టిన గౌను మడిచి తెర మీదుగా వెనక గదిలోకి విసరడం, ఇంకోటి అందుకోవడం. ఖాదర్ కోత బల్ల వదిలి కదలడానికే లేదు. గురువారం వెనక గదిలో అలికిడి లేకపోతే, మూట ఇంటికి పట్టుకెళ్ళి ఉంటుందనుకున్నాడు. శుక్రవారం మధ్యాహ్నానికి ముప్పయ్యో గౌను తెర దాటింది. జమీర్‌వి పద్దెనిమిది, అర్జునరావువి పన్నెండు.

"సూసావా బావా, పెట్టుబడిదారీ వేగం!" అన్నాడు ఖాదర్. మైఖేల్ టీ ఊదుకున్నాడు గానీ కాదనలేదు.

శనివారం పదింటికి ఎవాంజలిన్ సంచులు పట్టుకుని వచ్చింది. ఖాదర్ పెళ్ళికొడుకులా తెర తొలగించాడు. లోపల చాప మీద గౌన్ల గుట్ట. ఎలా విసిరినవి అలాగే ఉన్నాయి. ఒకటి తీసి చూశాడు. కాలరుకి కాజా లేదు. ఇంకోటి తీశాడు. లేదు. అడుగున ఆరింటికి మాత్రం ఉన్నాయి. పక్కన రసూల్ బీ సూదుల దిండు మీద ఇరవై సూదులు. ఒక్కదానికీ దారం లేదు.

"అంకుల్, రేపు పొద్దున్న ఎనిమిదింటికి ఆరాధన," అంది ఎవాంజలిన్.

ఖాదర్ చెప్పులు కూడా వేసుకోకుండా కోట వీధి వైపు పరిగెత్తాడు. రసూల్ బీ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ఆపా! ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది."

"మరి రాలేదేటి?"

"వచ్చాను. సోమవారం, మంగళవారం, బుధవారం వచ్చాను. పాత సూదులున్నంత వరకూ కుట్టాను. తర్వాత కూకున్నాను."

"కాజాకి మంచి రేటే రాసాను కద ఆపా!"

"రాసావు. సూదిలో దారం ఎక్కించడానికి ఎంత రాసావు?"

రోజూ పొద్దున్న మిషన్లు కదలక ముందు, కొట్లో అందరికంటే చిన్నవాడు, ఇప్పుడైతే జమీర్, ఇరవై సూదులకి దారం ఎక్కించి ఆమె దిండుకి గుచ్చి పెడతాడు. ఆమెకి సూది బెజ్జం కనపడక పదేళ్ళయింది. ఎప్పటి నుంచో ఉన్న అలవాటు, ఎవరూ దాన్ని పని అనుకోలేదు. అందుకే అట్ట మీదికి ఎక్కలేదు.

"జమీర్ని అడిగాను," అంది రసూల్ బీ. "ఒక్క నిమిషం నానీ, అన్నాడు. ఆ నిమిషానికి కూడా నువ్వు రేటు కట్టేసావు కదా. నాకెలా ఇస్తాడు? వాడి తప్పు లేదు."

"నాతో ఒక్క మాట సెప్పొచ్చు కదా!"

"ఎన్నడైనా అడిగానా ఖాదర్? పొద్దున్న వచ్చేసరికి ఉండేవి."

ఖాదర్ మెట్టు మీద కూలబడ్డాడు. చిక్కుడుకాయల చేట తీసి పక్కన పెట్టి, ఆమె చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టాడు.

కొట్టుకి వచ్చాక జరిగింది చెప్పాడు. జమీర్ మొహం ఎర్రబడింది. అట్ట పీకి ముక్కలు చేసి, రసూల్ బీ పక్కన చాప మీద కూర్చుని సూదులకి దారం ఎక్కించసాగాడు. ఇరవై నాలుగు గౌన్లు, నలభై ఎనిమిది కాజాలు. ఒక సూది ఖాళీ అయ్యేలోపు ఇంకోటి చేతికి. అర్జునరావు, ఎవాంజలిన్ బొత్తాలు కుట్టారు. మైఖేల్‌కీ ఒక బొత్తం ఇచ్చారు. ఆయన దాన్ని గౌనుకీ తన ప్యాంటుకీ కలిపి కుట్టేశాడు. విప్పడానికి పావుగంట పట్టింది. తర్వాత ఆయనకి టీలు తెచ్చే పని అప్పజెప్పారు.

నాలుగింటికి ఆఖరి కాజా అయింది. రసూల్ బీ వేళ్ళు విరుచుకుంది. ఖాదర్ విడిచిన ఊపిరికి గోడ మీద క్యాలెండరు ఊగిందట. ఇది ఆయన చెప్పిందే.

ఎవాంజలిన్ సంచులతో వెళ్ళాక, ఖాదర్ జమీర్ ఎదురుగా కూర్చున్నాడు. "అబ్బాయ్, నీ మాటా తప్పు కాదు. ఎక్కువ సేసినోడికి ఎక్కువ ఉండాలి. నీకెంత కావాలో సెప్పు. నా భాగంలోంచి ఇత్తాను."

జమీర్ నేల చూపులు చూశాడు. "డబ్బు కాదు సాచా. ఆ కంపెనీలో కటింగ్ నేర్పుతామన్నారు. నాలుగేళ్ళ బట్టి ఇక్కడ కుడతన్నాను. ఒక్క గుడ్డ కొయ్యనివ్వలేదు నువ్వు. ఎంత కుట్టినా రేపు కూడా కుట్టడవేనా?"

ఖాదర్ నవ్వాడు. వారం రోజుల నుంచి గుండె మీద కూర్చున్న రాయి ఇంత తేలికదా అనిపించింది. బల్ల మీంచి కత్తెర తీసి, పిడి వాడి వైపు తిప్పి ఇచ్చాడు.

"కోయ్. ముందు నీ చొక్కా కోసుకో. పాడైతే నీదే పాడవుద్ది."

డబ్బా మూత తీసి, మిగిలింది నాలుగు భాగాలు చేశాడు. జమీర్ తన భాగం లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకున్నాడు.

సోమవారం పదిన్నరకి మైఖేల్ బల్ల మీద ఉన్నాడు. అప్పటికే ఖాదర్ కథలో ముప్పై గౌన్లు మూడు వందలయ్యాయి.

"సూసావా బావా, సోషలిజం నెగ్గింది," అన్నాడు మైఖేల్.

"ఎక్కడ నెగ్గింది? గుంటడికి కత్తెర ఇత్తే నిలబడ్డాడు. అదే నాను సెప్పే ఇన్సెంటివ్."

"పీసు రేటు పెట్టి ములిగిపోయావు కదా?"

"పెట్టమన్నదెవులు బావా?"

తెర వెనక నుంచి రసూల్ బీ గొంతు వినపడింది. "సూదులైపోయాయి. ఎవరైనా రండి."

జమీర్ కోత బల్ల దగ్గర నాలుక బయటపెట్టి కత్తిరిస్తున్నాడు. పెద్దవాళ్ళిద్దరే లేచి వెళ్ళారు. ఒకరు సూది పట్టుకున్నారు, ఒకరు దారం పట్టుకున్నారు. వెలుతురుకి పెట్టి చూశారు, దూరం పెట్టి చూశారు, దారం తడిపి చూశారు. చివరికి ఖాదర్, "ఎక్కేసింది!" అన్నాడు. రసూల్ బీ సూది అందుకుని లాగింది. దారం ఒక్కటే ఖాదర్ చేతిలో మిగిలింది.

"జమీరూ," అని పిలిచింది ఆమె.

"ఒక్క నిమిషం నానీ."

తెర వెనక ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కత్తెర బల్ల మీద పెట్టిన చప్పుడైంది. నిమిషం కాకముందే తెర తొలిగింది.