ట్యూబులైట్ల కింద వెనక్కి నడిచిన చక్రం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో ఉందని ఎవరైనా అంటే, అది ఏలూరు లైబ్రరీలో ఏ బీరువాలో ఉందో చెబితే చాలు, వచ్చే ఆదివారంలోగా దాని సంగతి చూస్తాననేవాణ్ణి. పదో తరగతితో బడి నన్ను వదిలేసింది గాని (ఇద్దరికీ ఇష్టమయ్యే లెండి), పుస్తకాలు వదల్లేదు. భీమడోలులో పాసింజరెక్కి వెళ్లి, కరెంటు మీద రాసినవన్నీ నమిలేశాను. ఆ ధైర్యంతోనే మా తాతయ్య మూసేసిన పిండిమర కొట్లో మోటార్ల రిపేరు మొదలుపెట్టాను.

కొట్టుకి కిటికీల్లేవు. సరిగ్గా అప్పుడే మా చర్చిలో కొత్తరకం ఎల్‌ఈడీ లైట్లు వేసి, పాత ట్యూబులైట్లు వెనక వసారాలో పడేశారు. తెల్లటి ఎనామిల్ పూత, బరువైన ఇనప పట్టీలు, ఇటుకంత చోకులు. పాస్టరుగారిని అడిగితే, తీసుకెళ్లమనీ, అవి వెలిగేసరికి ఒక్కోసారి సగం ప్రసంగం అయిపోయేదనీ చెప్పారు. తుప్పు గీకి, వైర్లూ స్టార్టర్లూ మార్చి, పనిబల్ల పైన వరసగా బిగించాను. స్విచ్చి వేస్తే ఒకదాని తర్వాత ఒకటి టకటకా కొట్టుకుని, కొట్టంతా పాలు పోసినట్టు తెల్లబడింది. అమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. "మీ నాన్నా నేనూ వీటి కిందే పెళ్లాడామురా. ఇంత వెలుగు ఉన్నట్టు గుర్తులేదు" అంది.

మొదటి బేరం చెరువుల మావయ్యగారిది (చుట్టరికం లేదు, కొల్లేటి వైపు చేపల చెరువులున్నాయని నేను పెట్టుకున్న పేరు). నీళ్లు చిలికి చేపలకి గాలి అందించే ఏరేటరు మోటారు ఆగిపోయిందట. రెండు రోజులుగా మబ్బు, చేపలు నోళ్లు పైకి పెడుతున్నాయట. "సాయంత్రంలోగా ఇది తిరక్కపోతే చెరువంతా తెల్లగా తేలిపోద్ది అబ్బాయ్" అన్నారు. ఆయన గొంతు విని నాకు అన్నం సయించలేదు.

తెగిన తీగ కలిపాను, బేరింగులు మార్చాను. తిరుగుడు చూడ్డానికి పిండిమర తాలూకు నాలుగు చువ్వల ఇనప చక్రం ఇరుసుకి తగిలించాను. నా లైట్ల వైభవం పూర్తిగా కనబడాలని తలుపు మూసి, స్విచ్చి వేశాను. మోటారు హోరుమంది. చక్రం మాత్రం, మోటారు మీద బాణం చూపించే వైపుకి కాక, మెల్లగా వెనక్కి నడవసాగింది.

మూడు వైర్లలో రెండు తారుమారు చేస్తే తిరుగుడు మారుతుందని పుస్తకంలో ఉంది. మార్చాను. ఇప్పుడు బాణం వైపే, కాని అదే నడక.

"మోత చూస్తే ఎక్స్‌ప్రెస్సు, నడక చూస్తే మా అత్తగారు" అన్నారు మావయ్యగారు.

నేను వోల్టేజీ గురించీ, కొత్త బేరింగుల బిగువు గురించీ చాలాసేపు చెప్పాను. తర్వాత, "కాస్త చేత్తో తోస్తే అందుకుంటుందండీ" అని చక్రం మీదికి చెయ్యి చాపాను.

అప్పుడే అమ్మ టీ గ్లాసులతో తలుపు తోసింది. పగటి వెలుగు చక్రం మీద పడింది. చువ్వలు మాయమయ్యాయి. పొగలాంటి పళ్లెమొకటి గిర్రున తిరుగుతోంది, నా చెయ్యి దానికి జానెడు దూరంలో ఉంది.

చెయ్యి లాక్కున్నాను. స్విచ్చి ఆపితే, చక్రం నెమ్మదించి ఆగుతూ బాణానికి ఎదురుగా తిరుగుతూ కనిపించింది. అంటే మొదట సరిగ్గా ఉన్నదాన్ని నేనే తిరగేశాను. ట్యూబులైటు ఒకే తీరుగా వెలగదు. సెకనుకి వందసార్లు మసకబారి మళ్లీ వెలుగుతుంది. వెలిగిన ప్రతిసారీ ఒక్కో చువ్వ, ముందున్న చువ్వ చోటుకి కాస్త ఇవతలే కనబడుతుంది. ఆ వెలుగుల్నే కన్ను కలిపి కుట్టుకుని, చక్రం వెనక్కి నడుస్తోందనుకుంటుంది. ఇది నేను చదివాను కూడా. చదివినది మా కొట్లోకి వస్తుందని అనుకోలేదు.

వైర్లు మళ్లీ మార్చాను. మోటారు విప్పి బండెక్కించాల్సిన మావయ్యగారు కదల్లేదు. "అబ్బాయ్, తలుపు ఇంకొక్కసారి మూయి" అన్నారు. ముగ్గురం గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని చూశాం. అంత హోరులో, అంత వేగంలో, చక్రం నీళ్లలో ఆకులా మెల్లగా జరుగుతోంది. అమ్మ "స్తోత్రం ప్రభువా" అంది.

పొద్దుగూకే వేళకి ఫోనొచ్చింది. "చేపలు కిందికి దిగినయ్యి అబ్బాయ్. ఆదివారం మీ అత్తయ్యని తీసుకొస్తా, ఆ చక్రం చూపిద్దువు గాని."

ఇప్పుడు చక్రాల దగ్గర అలా మసకబారని వేరే దీపం పెట్టుకున్నాను, చెయ్యి దూరంగా ఉంచుతాను. ఆ ఆదివారానికి మాత్రం లైబ్రరీకి వెళ్లి, ఒక ఉపన్యాసం తయారుచేసుకుని బట్టీ పట్టాను. అత్తయ్యగారు కొట్లో చాలాసేపు నిలబడి చూశారు. "ఏవండీ, ఎంత బావుందో" అన్నారు ఆయనతో, అంతే. నన్నెవరూ ఏమీ అడగలేదు. అప్పటి నేను, ఆ కుర్రాడు, ఆ రాత్రి చిన్నబుచ్చుకుని పడుకున్నాడు. అత్తయ్యగారి ఆ ఒక్క మాటకి కలపాల్సింది ఇంకేమీ లేదని వాడికి నేనిప్పుడు చెప్పాలి.